కొలబద్ద యెవరి చేతిలో నున్నది?

నేటి సభలలోను, ప్రభుత్వ ప్రకటనలలోను, పాఠశాలల వార్షికోత్సవములలోను తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. అది సామర్థ్యము. యంత్రము వచ్చినచో సామర్థ్యము పెరుగును. సామర్థ్యము పెరిగినచో కాలమును ధనమును మిగులును. అవి మిగిలినచో సంఘము బాగుపడును. ఇది నేటివారి వాదసరణి. ఈ మూడు మెట్లలో మొదటి రెండును చాలవఱకు నిజములే. మూడవదానిని మాత్రము ఎవరును నిరూపింపకయే యందఱును అంగీకరించుచున్నారు. మిగిలిన కాలము ఎవరికి మిగిలెను? ధనము ఎవరి సంచిలో చేరెను? ఈ ప్రశ్నలు వేయువానిని పాతకాలపువాడని త్రోసివేయుట వాడుకయైనది. మేము పాతకాలమును పొగడుటకు గాని, యంత్రమును తెగడుటకు గాని యీ వ్యాసమును వ్రాయుటలేదు. కర్నూలు, కడప సీమలలో నీరును, కూలియు, గింజయు కొలువబడిన విధమును పరిశీలించి, ఆ మూడవ మెట్టు నిలుచునో కూలునో చూడవలెనని మా యుద్దేశము.

మొదట మాటను విచారింతము. ఇంగ్లీషులో 'ఎఫిషియెన్సీ' యను పదము పూర్వము కార్యమును సాధించు శక్తి యను సామాన్యార్థమున వాడుకలో నుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో ఆవిరియంత్రములతో పనిచేసిన యింజనీరులు దానికి లెక్కతో గూడిన యర్థము నిచ్చిరి. యంత్రమునకు మనమిచ్చిన శక్తిలో ఎన్నవ పాలు ఉపయోగకరమైన పనిగా మారినదో, అదియే దాని సామర్థ్యము. ఈ నిర్వచనమునకు 'ఉపయోగకరమైన' యను విశేషణమే ప్రాణము. నీరు తోడు యంత్రము వేడెక్కినచో ఆ వేడి నష్టము. చలిదేశములలో గదిని వెచ్చజేయు యంత్రమునకు ఆ వేడియే లాభము. ఏది ఉపయోగమో యంత్రము చెప్పదు, మనుష్యుడు చెప్పవలయును. 1911లో అమెరికాలో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలరు శాస్త్రీయ నిర్వహణమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించి, యీ లెక్కను ఇనుమునుండి మనుష్యుని నడుమునకు మార్చెను. పాఱతో నొక్కసారికి 21 పౌనుల బరువెత్తినచో దినమునకు అత్యధికమైన పని జరుగునని యతడు తేల్చెను. నాటినుండి ఉపయోగమేదో నిర్ణయించు నధికారము పని చేయువానినుండి పని లెక్కించువానికి పోయినది.

మన 'సమర్థ' శబ్దము వేఱొక దారి చూపుచున్నది. ప్రయోజనమను నర్థము గల 'అర్థ' శబ్దముతో 'సమ్' అను నుపసర్గ కూడగా నేర్పడిన మాట యిది. ప్రయోజనముతో పొందిక గలది సమర్థము. వేగము గలది యని గాని, వ్యయము తక్కువది యని గాని దాని భావము కాదు. 'యంత్ర' శబ్దమునకు మూలమగు ధాతువునకు అదుపు చేయుట యని యర్థము. ఎవరి ప్రయోజనముతో పొందిక? ఎవరిని అదుపు చేయుట? ఇంతవఱకు వ్యాకరణము తోడు వచ్చును. ఇక ముందు పొలములోనికి దిగవలసినదే.

యంత్రము చేసిన మేలును ముందుగా నొప్పుకొనుట న్యాయము. మన మెట్టసీమలో ఆడువారు తెల్లవారుజామున లేచి జొన్నలు విసరి, కొఱ్ఱలు దంచి, పిమ్మట పొలమునకు కూలికి పోయెడివారు. పిండిమరయు, బియ్యపుమరయు వచ్చిన తరువాత వారి భుజములకు కొంత విశ్రాంతి కలిగెను. తిరుగటి పాటలు పోయెనని చింతించు పండితులు కొందఱు కలరు. వారిలో తిరుగలి త్రిప్పినవారు మాత్రము కానరారు. కపిల తోలు రైతును, ఏటవాలు బాటలో పల్లమునకు నడచి, మరల వెనుకకు మెట్ట నెక్కు ఎద్దుల జతయు పడిన పాటును ఎఱిగినవాడు విద్యుత్తు పంపును నిందింపడు. ఆ పాటును మరల తెచ్చిపెట్టు వాదమేదైనను మాకు సమ్మతము కాదు.

అయినను మన పూర్వులకు సామర్థ్యమును గూర్చిన యాలోచన లేకుండెననుట తప్పు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము దీనికి సాక్షి. శాలివాహన శకము 1291లో, అనగా క్రీ.శ. 1369లో, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు ఆ చెరువును కట్టించెను. రెండేండ్ల కాలము దినమునకు వేయిమంది కూలీలును, రాతికట్టడమునకై నూఱు బండ్లును పనిచేసినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. అంతియే కాదు, మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను అది లెక్కించినది. గట్టి నేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు తీయని నీటి యేఱు, ఆనుకొనియున్న కొండ, పొడవు మితిమీఱని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, దగ్గఱలో రాతిగని, నేర్పరులగు పనివారు, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు, ధర్మపరుడై కీర్తిని కోరు రాజు, ఇవన్నియు సాధనములలోనివే. కట్టనుండి నీరు కాఱుట, చవుడు నేల, గర్భము నడుమ మిట్ట యుండుట దోషములు.

ఈ పట్టికలో రెండంశములు మిక్కిలి గమనింపదగినవి. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట దోషమని చెప్పబడినది. వివాదము కూడ నీటిని ఇంకించుకొను పగులేయని ఆ శాస్త్రజ్ఞు లెఱుగుదురు. నీరు తక్కువై పొలము హెచ్చగుట యెంత దోషమో, పొలము తక్కువై నీరు హెచ్చగుటయు నంత దోషమేయని మఱియొక మాట. ఎక్కువ నీరు, ఎక్కువ పొలము, ఎక్కువ ఫలసాయము అని ఒక్క వైపునకే పరుగెత్తు లెక్క కాదిది. పొందికను చూచు లెక్క.

కాని యీ శాసనమును చూచి మురిసిపోవువారికి మా మనవి యొకటి కలదు. రాజు కీర్తికాంక్ష సాధనములలో చేరినది. మట్టి మోసిన వేయిమంది వట్టి సంఖ్యగానే మిగిలిరి. అంటరానివారని దూరముగా నుంచబడినవారికి ఆనాటి చెరువుల నీటిని స్వేచ్ఛగా ముట్టు హక్కే లేదు. ఆయకట్టులో పాలు లేదని వేఱుగ చెప్పనేల? కావున ఆ కొలబద్దయు నిర్దోషము కాదు. అయితే దాని దోషము కంటికి కనబడు దోషము. చెరువుకట్టపై నిలుచున్న ప్రతివానికిని నీరెంతయున్నదో, తూము ఎవరి వైపునకు తెఱచియున్నదో తెలియును. చెరువు మరమ్మతునకై దశబంధపు మాన్యము నొందినవాడు గండి పూడ్చకున్నచో, ఆ తప్పును ఊరందఱు చూతురు.

ఇక కంపెనీ కొలబద్దను చూతము. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. అప్పటినుండి 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నున్న తామసు మన్రో పొలము పొలమును కొలిపించి పన్ను కట్టించెను. నడుమ నున్న పాలెగాండ్రను తొలగించి రైతుతో నేరుగా లెక్క పెట్టుకొనుట కొంత మేలే. మన్రోను మన సీమవారు గౌరవముతో స్మరించుట కారణము లేనిది కాదు. అతడు 1827లో కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా సోకి మరణించెను. అయితే ఆ కొలతతో పాటు ఒక కొత్త చూపు వచ్చినది. పన్ను నిచ్చు నేల నేలయైనది. పన్ను నియ్యనిది బంజరైనది. గొఱ్ఱెల కాపరికి అది మేతభూమి. కట్టెలు ఏఱుకొను ముసలిదానికి అది పొయ్యి. లెక్క పుస్తకములో మాత్రము అది వట్టి బీడు. రెండువందల యేండ్లు గడచినను ఆ మాట బలము తగ్గలేదు. కర్నూలు సమీపమున గని, శకునాల గ్రామముల కడ 2017 నాటికి వేయి మెగావాట్ల సౌరవిద్యుత్తును ఇచ్చు పలకలు దాదాపు ఆఱువేల యెకరములలో పఱువబడినవి. ఎండను వెలుగుగా మార్చుట కంటె మంచి పని మండుసీమకు మఱొకటి లేదు. కాని యిట్టి కట్టడములకు నేలను ఎంచునపుడు, 'ఇది బీడు' అను పాత మాటను తిరిగి పరీక్షింపవలదా?

మన సీమలో సామర్థ్యవాదమునకు తగిలిన మొదటి గొప్ప దెబ్బ కర్నూలు-కడప కాలువ. గోదావరిపై 1852లో ఆనకట్ట పూర్తియై డెల్టా పచ్చబడుట చూచిన సర్ ఆర్థర్ కాటను, తుంగభద్ర నీటితోను అట్టి యద్భుతము జరుగునని నమ్మెను. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండనులో మూలధనము సేకరించెను; పదిలక్షల పౌనులమీద నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడెను. బళ్ళారి సీమనుండి నెల్లూరు వఱకు విస్తరింపవలసిన మహాసంకల్పములో, 1863లో ఆరంభమై సుంకేసుల ఆనకట్టనుండి కడప వఱకు సుమారు 190 మైళ్ళ కాలువ మాత్రము తయారయ్యెను. అది పైరులకు నీరిచ్చునదియు, పడవలు నడచునదియు కూడ. ఇంత చేసినను రైతులు నీరు కొనుటకు రాలేదు. కంపెనీ లాభము పొందలేదు. పూచీపడిన వడ్డీని ప్రజల పన్నులనుండి చెల్లించి, తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను.

రైతులు అజ్ఞానులగుటచే నీరు వద్దనిరని ఆనాటి యధికారులలో కొందఱు తలచిరి. ఈ మాటను విమర్శింపక విడువరాదు. కుందేటి లోయలోని నల్లరేగడి తేమను పట్టి నిలుపుకొను నేల. వాన ఒకటి రెండు సారులు బాగుగ కురిసినచో జొన్నయు, ప్రత్తియు దానిలో పండును. అట్టి పొలమునకు కాలువ నీరు పెట్టవలెనన్న మడులు కట్టవలెను, నేల చదును చేయవలెను, కొత్త పైరు నేర్చుకొనవలెను, నీటితీరువ చెల్లింపవలెను. సంవత్సరము మంచిదైనచో నీరు అక్కఱ లేదు. కఱవు వచ్చినపుడే కావలయును. రైతు వేసిన యీ లెక్క సంపూర్ణముగ సమంజసమైనది. కంపెనీ యింజనీరు కాలువలో పాఱు నీటిని కొలిచెను. ఆ నీటితో తడియగల యెకరములను గుణించెను. తీరువను హెచ్చవేసి లాభము కనుగొనెను. అతని గుణకారము సరియే. రైతు యింటిలోని లెక్కను మాత్రము అడుగలేదు. ఇద్దఱి సామర్థ్యములును రెండు. కాగితముపై నెక్కినది ఒక్కటే.

కాలువ పనికిమాలినదని మా భావము కాదు. 1933తో పడవలు నిలిచిపోయినను, తీరువలును అలవాటులును కాలక్రమమున కుదిరి, నేడు సుమారు 2 లక్షల 65 వేల యెకరముల ఆయకట్టునకు అది ఆధారము. నంద్యాల సీమ వరికి ప్రాణము. యంత్రము చెడ్డదగుట వేఱు, దాని లెక్క తప్పగుట వేఱు. లెక్క తప్పినపుడు నష్టపడినది లండనులోని వాటాదారు కాదు, పూచీపడిన యిచ్చటి పన్నుదారు. ఈ సంగతి మఱువరాదు.

కాలువ యందని మెట్టపొలములలో మఱియొక కథ నడచినది. పాతబావి ఎండినచో ఊరందఱికిని కనబడును. అన్నదమ్ములు వంతులు వేసికొని తోడుకొను బావులుండెడివి. బోరుబావి వచ్చిన పిమ్మట నీరు కంటికి దూరమయ్యెను. ఒక రైతు 300 అడుగులకు త్రవ్వినచో ప్రక్కవాడు 500 అడుగులకు పోవును. ముందువాని బోరు ఎండును. అతడు అప్పు తెచ్చి ఇంకను లోతునకు దిగును. ప్రతి రైతును తన పొలమువఱకు సమర్థుడే. అందఱును కలిసి ఊరి నీటిని ఎండబెట్టుదురు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. దానిని దోషమని నిందించు పట్టణవాసులు ఒక న్యాయమును మఱచుచున్నారు. డెల్టా రైతునకు ప్రజాధనముతో కట్టిన ఆనకట్టనుండి స్వల్పమైన తీరువకు నీరు వచ్చును. మెట్టరైతు ప్రతి గజము లోతునకును సొంత యప్పు తెచ్చుకొనవలెను. ఆ భేదమునకు ఉచిత విద్యుత్తు కొంత పరిహారము. అయినను తోడిన నీటికి వెలయు లేక, కొలతయు లేకపోవుట కీడును పెంచెననుట సత్యము. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము అనుమతి పత్రములను కోరెను. భూగర్భమును చూడగల కన్ను ఊరిలో లేనంతవఱకు పత్రము కాగితమే.

బిందుసేద్యము దీనికి మందని చెప్పుదురు. 2003లో రాష్ట్రప్రభుత్వము దానికి రాయితీలతో గొప్ప పథకమును ఆరంభించెను. పులివెందుల ప్రాంతపు అరటి, చీనీ తోటలు దానితో వృద్ధి పొందెను. చెట్టునకు పట్టు నీరు తగ్గిన మాట నిజము. కాని మిగిలిన నీటిని రైతు భూమిలో నుంచునా? ఇంకొక యెకరము నాటును. 1865లో స్టాన్లీ జెవన్సు అను ఇంగ్లీషు ఆర్థికశాస్త్రవేత్త బొగ్గును గూర్చి యిట్టి సంగతినే చెప్పెను. ఆవిరియంత్రము తక్కువ బొగ్గుతో పనిచేయుట నేర్చినకొలది దేశములో బొగ్గు వాడుక తగ్గలేదు, పెరిగెను. కావున చెట్టు కడ కొలిచిన సామర్థ్యము వేఱు, ఊరి కడ కొలిచిన సామర్థ్యము వేఱు. మొదటిదాని నంకెలతో రెండవదానిని నిరూపించుట తర్కదోషము.

నీటికి పట్టిన గతియే మనుష్యునికిని పట్టుచున్నది. 2015 ప్రాంతమున మన రాష్ట్రపు చౌకధరల దుకాణములలో వేలిముద్ర యంత్రములు వచ్చెను. దొంగకార్డులను ఆపుట మంచిదే. ఏ యూరిలోనైనను బియ్యము తీసికొను వీలు కలుగుట, కోసిగి, మంత్రాలయము, ఆదోని ప్రాంతములనుండి మిరప కోతకును ప్రత్తి తీతకును గుంటూరు సీమకు వలసపోవు కూలీలకు నిజమైన యుపకారము. దీనిని దాచరాదు. కాని రాళ్ళు కొట్టినవాని వ్రేళ్ళును, ముసలితనమున అరిగిన వ్రేళ్ళును యంత్రమునకు పోల్చుకొన రాకపోవచ్చును. అప్పుడు ఎదుట నిలుచున్న మనుష్యుని దుకాణదారు చిన్ననాటినుండి యెఱుగును, యంత్ర మెఱుగదు, గెలుచునది యంత్రము. ఎంతో కష్టపడి పనిచేయుటయే గుర్తు చెఱిపివేయుననగా, ఆ యంత్రము ఎవరికి సమర్థము?

ఉపాధిహామీ పనులలో 2023 జనవరినుండి హాజరునకు చేతి ఫోనులో దినమునకు రెండుసారులు ఛాయాచిత్రము తీయవలెనను నియమము దేశమంతటను తప్పనిసరియయ్యెను. ఆ పనికి కూలి, త్రవ్విన మట్టి కొలతనుబట్టి. ఎండ ముదురక మునుపే తమ గుంటను త్రవ్వి ముగించినవారు, పని చాలించి యింటికి పోక రెండవ చిత్రమునకై కాచుకొనవలసినవారైరి. మట్టి కొలత పని పూర్తియైనదని చెప్పినను, చిత్రము కాలేదని చెప్పును. రెండు కొలతలు తగవులాడినపుడు ఎండలో నిలుచునది కూలి. సామర్థ్యమునకై వచ్చిన పరికరము పూటలను మ్రింగివేయుట కంటె విపరీత మేమున్నది?

'అయినచో కొలతలనే మానుకొందుమా?' అని యడుగువారు కలరు. మానవలదు. మన సీమలోనే దీనికి సమాధానమున్నది. 2003 తరువాతి యేండ్లలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి కర్నూలు, కడప మొదలగు ఏడు కఱవు జిల్లాలలో, ఆఱువందలకు పైబడిన పల్లెలలో నడచెను. వానను కొలుచు పరికరము రైతుల చేతికి వచ్చెను. బావులలో నీటిమట్టమును, బోరు పోయు నీటిని స్త్రీలును పురుషులును తామే కొలిచి వ్రాసిరి. రెండవ పైరునకు ముందు అందఱు కూడి, భూమిలోనున్న నీరెంత, వేయదలచిన పైరులు త్రాగు నీరెంత యని లెక్క చూచుకొనిరి. ఎవరిని ఎవరును నిర్బంధింపలేదు. ఏ పైరు వేయవలెనో ఎవరి యిష్టము వారిది. అయినను అనేక స్థలములలో వరి తగ్గి, తక్కువ నీటి పైరులు పెరిగినట్లు పరిశీలకులు గుర్తించిరి. పరికరములు సామాన్యములే, కొలత కూడ కొత్తది కాదు. కొలబద్ద చేయి మాఱినది, అంతియే. వెలుపలి ధనముతో నడిచిన పని గనుక 2010 ప్రాంతమున ఆ సాయము ముగియగానే నిలుపుకొను భారము పల్లెలపై బడెను. వేయి మెగావాట్లకు ధనము దొరకిన దేశములో వానను కొలుచు గిన్నెలకు దొరకకపోవుట మన సామర్థ్యవాదమునకు తగిన వ్యాఖ్య.

కాన మా సిద్ధాంతము ఇది. ఏ యంత్రము గాని, ఏ నియమము గాని సామర్థ్యము పేరిట వచ్చినపుడు సంఘము మూడు ప్రశ్నలు అడుగవలయును. ఇందులో ఉపయోగమని లెక్కింపబడినది ఎవరి యుపయోగము? ఈ కొలతను, దానికి లోబడువారు తామే చదివి తప్పు పట్టగలరా? కొలత తప్పినపుడు నష్టమెవరిది? మూడవ ప్రశ్నకు సమాధానము చట్టములోనే యుండవలెను. వేలిముద్ర కుదురకున్నచో ముందు గింజ నిచ్చి, పిమ్మట విచారణ జరుపవలెను. చిత్రము పడకున్నచో మట్టి కొలతయే ప్రమాణము కావలెను. యంత్రము తప్పునకు యంత్రము పెట్టినవాడు బాధ్యుడు కాని, దాని ముందు నిలుచున్నవాడు కాడు.

విద్యావంతులకు ఇందులో ప్రత్యేకమైన కర్తవ్యమున్నది. ఉత్తీర్ణుల శాతమును చూపి పాఠశాలను, ఎకరముల సంఖ్యను చూపి కాలువను, పట్టుబడిన కార్డుల లెక్కను చూపి దుకాణమును మెచ్చుకొనుట మనకు అలవాటైనది. భాగహారము నేర్చిన ప్రతి బాలునికిని, పైన వ్రాసిన యంకె యెవరిది, క్రింద వ్రాసినదెవరిది యని యడుగుటయు నేర్పవలెను. పోరుమామిళ్ళ చెరువును త్రవ్విన వేయిమంది శాసనములో పేరు లేక సంఖ్యయై మిగిలిరి. వారి సంతతివారు నేటి యంత్రముల లెక్కలోను సంఖ్యలుగానే మిగులకుండ చూచుట మన తరమువారి పని.